వంకర నడక

నన్ను కన్న కార్ఖానా పేరు నేను చెప్పబోను. కన్నవారి లోపములను వీధిలో చాటుట సంతానమునకు శోభ గాదు. పైగా పేరు చెప్పినంతనే నా కథలోని దోషములన్నియు వారివే యని పాఠకుడు మొదటి పుటలోనే తీర్పు చెప్పివేయును. ఆ తీర్పు సగము మాత్రమే నిజమని చూపుటకే నేనీ స్వీయచరిత్రమునకు పూనుకొంటిని. 2019వ సంవత్సరమున నేను పుట్టితిననియు, టన్నున్నర బరువు మోయుటకు తగినదానినని ప్రభుత్వము వారు ఆర్.సి. పుస్తకమున వ్రాసి యిచ్చిరనియు, నా చట్రముమీద అక్షరములును అంకెలును కలిసి పదునేడు గుర్తులు గ్రుచ్చబడి యున్నవనియు తెలిసిన ప్రస్తుతమునకు చాలును. ఆ గుర్తుల వరుసకు చాసిస్ నంబరని పేరు. ఈ దేశమున పుట్టిన బండ్లకు అది ‘ఎం’ అను అక్షరముతో మొదలగును. ఐ, ఓ, క్యూ అను మూడక్షరములు మాత్రము అందెచ్చటను కానరావు, ఒకటిగనో సున్నగనో భ్రమింపజేసి గుమాస్తాను తికమక పెట్టునని వానిని బహిష్కరించిరి. నాకు యజమాని మారెను, ఊరు మారెను, తలుపుల రంగు సైతము మారెను. ఆ పదునేడు గుర్తులు మారలేదు. కడకు నన్ను వెదకి పట్టుకొనినవి అవే.

చేతిలోని చక్రము త్రిప్పినంతనే బండి తిరుగుననుకొనుట వెనుక తొట్టిలో కూర్చుండి ప్రయాణము చేయువారి జ్ఞానము. లోపలి వ్యవహారము దీర్ఘమైనది. స్టీరింగు నుండి దిగిన కడ్డీ గేరు పెట్టెలో చేరును. ఆ పెట్టెనుండి పిట్‌మన్ ఆర్మ్ అను పొట్టిచేయి వెలువడి, డ్రాగ్ లింకు అను పొడుగు కడ్డీని ముందునకును వెనుకకును త్రోయును. డ్రాగ్ లింకు ఒక ముందుచక్రమును త్రిప్పగా, ఆ చక్రము టై రాడ్డు అను అడ్డకడ్డీ మూలమున రెండవదానిని తన వెంట త్రిప్పుకొనును. ఈ కడ్డీల కొసలయందెల్ల గిన్నెలో గుండు ఇమిడినట్టి బాల్ జాయింటులు రబ్బరు టోపీలు ధరించి, గ్రీజులో మునిగి, ఎటు వంచిన నటు వంగుచు, ఎన్నడును ఊడిపోక యుండవలెను. వంపు తిరుగునపుడు లోపలి చక్రము వెలుపలి చక్రముకంటె కొంత యధికముగా తిరిగిననే గాని రెండును ఒరయక సాగవు. ఈ మర్మమును గుర్రపు బండ్ల కాలముననే మ్యూనిక్ నగరపు బండ్ల శిల్పి జార్జ్ లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, ఆయన తరఫున 1818లో లండను నగరమున రుడాల్ఫ్ ఆకర్మన్ పేటెంటు పుచ్చుకొనెను. నేటికిని ఈ కూర్పును ఆకర్మన్ పేరనే పిలుచుచున్నారు. కనిపెట్టినవానికంటె కాగితము దాఖలు చేసినవాడే చిరంజీవి యగుట ఈ లోకమునకు క్రొత్త గాదు.

నా మొదటి యజమాని పలమనేరు వాడు. పాల క్యాన్ల వ్యాపారము. పాలు బరువే యైనను పద్ధతి గల బరువు. క్యానులెన్నియో, లీటర్లెన్నియో లెక్క ముందే తేలియుండును గనుక నా కమాను కట్టలు ఆ దినములలో సుఖముగానే యుండెను. అతడు కొంతకాలమునకు పెద్దబండి కొని నన్ను మదనపల్లె వానికి అమ్మివేసెను. కొన్నవాడు తానే యజమాని, తానే డ్రైవరు. అతని సరుకు టమాట.

మదనపల్లె టమాట మార్కెట్టు నీరుగట్టువారిపల్లెలో నున్నది. పట్టుచీరలు నేయు మగ్గముల సందడి ఒక ప్రక్కను, క్రేట్లు దించువారి కేకలు మరియొక ప్రక్కను వినబడెడి ఆ తావున, వేలము ముగిసిన మరుక్షణము నుండి ప్రతి బండివానికిని ఒకటే తొందర: మదరాసు కోయంబేడునకు తక్కినవారికంటె ముందుగా చేరుట. పుంగనూరు దాటి, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి, చిత్తూరు మీదుగా పోవు ఆ దారి ఇంచుమించు 250 కిలోమీటర్లు. టమాట దారిలో నిలిచిన మెత్తబడును, మెత్తబడిన ధర పడును. కనుక బండి నిలువరాదు. ఒక్కమారు పోయినపుడే ఎక్కువ వేసికొని పోవలెను, కనుక ఆర్.సి.లోని టన్నున్నర మాట పుస్తకములోనే యుండిపోయెను. పరిమితికి మించిన బరువు వేసినచో ఇరువది వేల రూపాయల జరిమానా, ఆపై ప్రతి టన్నునకును మరి రెండువేలు అని 2019లో సవరించిన చట్టము చెప్పుచున్నదని నా యజమానికి తెలియకపోలేదు. క్రేట్ల వరుసపై మరియొక వరుస పేర్చుచు, "ఈ ఒక్కపారికే గదా" అని నా తలుపుమీద చరచెడివాడు. ఆ చరపును నేను ప్రతిదినమును ఎరుగుదును.

ఇట్లుండగా 2023 జూలై వచ్చెను. టమాట కిలో నూరు రూపాయలు దాటి, దేశమంతయు మదనపల్లె వైపు కన్నులు త్రిప్పిన మాసమది. క్రేట్లకు రాత్రులందు కావలి కాసిన రైతులను నేను కన్నులార చూచితిని. సరిగా ఆ మాసముననే పలమనేరు పాలవ్యాపారి నుండి ఫోను వచ్చెను.

"ఒరే అబ్బయ్యా, నీ బండికి ఏందో కంపెనీ కాగితమొచ్చిండాది. స్టీరింగు కాడ బోల్టు ఊడే పనుందంట. ఒకపారి వచ్చి తీసకపో."

ఉత్తరము పాత యజమానికి పోవుటలో వింత లేదు. రవాణా కార్యాలయమున పేరు మారినను కార్ఖానా పుస్తకమున మొదట కొన్నవాని చిరునామాయే నిలిచియుండెను. పాలవ్యాపారి మంచివాడు గనుక చెప్పెను; చెప్పకున్నచో ఎవరు చెప్పెడివారు? చేతులు మారిన బండ్లకు పిలుపులందక పోవుట ఈ వ్యవస్థలోని పెద్ద కంత, దానిని పూడ్చుటకు ఉత్తరములకంటె ఆ పదునేడు గుర్తులే ఎక్కువ యుపయోగించును. నా యజమాని కొడుకు సెల్లు ఫోనులో వానిని ఒక్కొక్కటిగ నొక్కి చూడగా, నిజమే, నేనును ఆ జాబితాలోని దాననే యని తేలెను. టై రాడ్డు కొసలయందలి బాల్ జాయింటులలో కొన్నిటికి నట్టు తగిన బిగువున బిగింపబడలేదనియు, కాలక్రమమున అది వదులై కీలు విడిపోవు ప్రమాదము కలదనియు, విడిపోయినచో ఒక చక్రము స్టీరింగు మాట వినక తన యిచ్చ వచ్చినట్లు పోవుననియు, సర్వీసు కేంద్రమునకు తెచ్చినచో ఉచితముగా మార్చెదమనియు ఆ పిలుపు సారాంశము.

ఇందు కార్ఖానావారి దాతృత్వ మేమియు లేదని ఒక్క మాట చెప్పవలెను. 2012 నుండి మన దేశపు వాహన నిర్మాతలు తమంత తాము ఏర్పరచుకొన్న నియమావళి ప్రకారము ఇట్టి పిలుపులు ఇచ్చుచుండిరి. అది స్వచ్ఛందము గనుక, పిలిచిననేమి, పిలువకున్ననేమి యని అడుగువాడు లేకుండెను. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టమున 110ఏ అను సెక్షను చేరి, వాహనములోని దోషము ఎక్కినవారికి గాని, దారిని పోవువారికి గాని, పరిసరములకు గాని హాని చేయునదైనచో వెనుకకు పిలిపించు నధికారమును కేంద్ర ప్రభుత్వమున కిచ్చినది. దాని ననుసరించిన నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చెను. ఏడేండ్లలోపు బండ్లకు అవి వర్తించును. నిర్మాత తానై ముందుకు రాక ప్రభుత్వముచేత పిలిపించుకొన్నచో పది లక్షలు మొదలు కోటి రూపాయల వరకు జరిమానా కలదు. ఉత్తరములోని మర్యాద వాక్యముల వెనుక ఈ కోటి నిలిచియున్నది. ఐనను తప్పు కనుగొని ముందుగా చెప్పినవానిని నేను నిందింపను. చెప్పక దాచినవాని బండ్లు ఘాటు మలుపులలో ఏమగునో నాకు తెలియును.

నా యజమాని మాత్రము ఉత్తరమును మడచి డాష్‌బోర్డులోని అరలో పెట్టి, మరునాటి సరుకు వేసికొనెను. అంతటి ధర మరల ఎన్నటికి వచ్చునో యను ఆశ ఒకవంక, "నిన్నటిదాకా ఊడలేదు గదా" యను తర్కము మరియొకవంక. ఈ తర్కమునకు సమాధానము చెప్పగల నోరు నాకు లేదు. మొగిలి ఘాటున దిగువకు పోవుచుండగా ప్రతి మలుపునందును నా ఎడమ కొస కీలు చిన్నగా టక్కుమనుట నేనొక్కదానను వినుచు, ధర పడిపోవుగాక యని మొక్కుకొంటిని. రైతుల కన్నీళ్లు కోరిన పాపము నాది. ఐనను ఆగస్టున ధర దిగెను.

సర్వీసు కేంద్రము తిరుపతిలో. మదనపల్లె నుండి వాయల్పాడు, పీలేరు మీదుగా నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. నడుమ భాకరాపేట ఘాటు. స్టీరింగు నమ్మదగినది గాదు, జాగ్రత్త యని హెచ్చరించినవారే, ఆ స్టీరింగుతోనే ఘాటు దిగి రమ్మని పిలుచుటలోని చమత్కారము నా యజమానికి సైతము తట్టెను. అచ్చటి కౌంటరులోని యువకునితో అతడు పలికిన మొదటి మాట యిది:

"సార్, బండి జాగ్రత్తగా తోలమని రాసినారు. ఆ ఘాట్లో ఊడింటే జాగ్రత్త ఏం చేస్తాది సార్?"

"టోయింగు పెట్టించుకోవచ్చు కదన్నా."

"దాని డబ్బులు?"

యువకుడు తెరవైపు చూచి మీటలు నొక్కసాగెను. ఉత్తరమున ఆ సంగతి లేదు.

పని త్వరగానే ముగిసినది. పాత కొసలను విప్పునపుడు కుర్రమెకానికు చుట్లు లెక్కపెట్టుచు విప్పి, క్రొత్తవానిని అన్ని చుట్లే బిగించెను. ఇది తొందరలో అందరును చేయు పనియే. పాత కొలతకు దగ్గరగా వచ్చును గాని, సరిగా రాదు. టై రాడ్డు నిడివి వెండ్రుకవాసి మారినను రెండు చక్రముల నడుమనున్న ఒడంబడిక మారును. దానినే టో అందురు: పైనుండి చూచినపుడు, ఒకే కాడి క్రింది రెండెద్దులు తలలను ఇంచుక లోపలికి వంచి నడచినట్లు, ముందుచక్రములు ముందువైపున ఎంత దగ్గరగా నున్నవో తెలుపు కొలత. నావంటి ఒంటి యిరుసు బండ్లకు సులభముగా సరిచేయదగిన కొలత ఇదొక్కటే. చక్రము నిటారుగా నుండుటను గూర్చిన క్యాంబరును, దాని తిరుగుడు కీలు వెనుకకు వాలియుండుటను గూర్చిన కాస్టరును ఇరుసుతోనే పుట్టినవి. కాస్టరు మార్చవలెనన్నచో ఇరుసునకును కమాను కట్టకును నడుమ చీల దూర్చవలెను. టో మాట అట్లు గాదు. టై రాడ్డును చుట్టు త్రిప్పిన మారును. సులభముగా మారునది సులభముగా చెడును గదా.

ఆ సాయంత్రము కేంద్రము నుండి వెలువడినప్పుడే స్టీరింగు చక్రము కుడివైపునకు ఇంచుక తిరిగి నిలిచినది. చేయి వదలినచో నేను ఎడమకు ఒరగసాగితిని. మన దేశమున బండ్లు ఎడమప్రక్కను నడచును, వాననీరు పోవుటకై రోడ్డు ఎడమ అంచునకు వాలియుండును, కనుక కొంత ఎడమ లాగుడు ఏ బండికైనను సహజమే. కాని నాది ఆ కొంతను మించెను. యజమాని మరల వచ్చి, "సార్, మీరు చెయ్యి పెట్టినాకనే లాగతా ఉండాది" అనగా, వారు నన్ను ముందుచక్రములను మాత్రమే కొలుచు యంత్రముపై నెక్కించి, టో సరిచేసి, డ్రాగ్ లింకును పొడిగించి స్టీరింగును నిటారుగా నిలిపిరి. తెరమీది ఎరుపు అంకెలు పచ్చనయ్యెను. యజమాని సంతుష్టుడయ్యెను.

నిజమునకు ఆ టో దోషము ఇంతలో చేసిన చెరుపు చిన్నది గాదు. నా టైరు వ్యాసము ఇంచుమించు 600 మిల్లీమీటర్లు. టో 3 మిల్లీమీటర్లు తప్పినచో, కిలోమీటరు నడచునప్పటికి ముందుచక్రమొక్కొక్కటియు రెండున్నర మీటర్ల మేర ప్రక్కకు ఈడ్వబడును. మదరాసు చేరునప్పటికి ఆరువందల మీటర్లకు పైగా నడకగాని నడక! డ్రైవరునకు అది తెలియదు, టైరునకు తెలియును. టైరు గాడులపై అరచేతితో నిమిరినచో ఒక దిక్కునకు నున్నగను, ఎదురు దిక్కునకు రంపపు పండ్లుగను తగులును. నా ముందు టైరులను అట్లు నిమిరి చూచినవాడు సర్వీసు కేంద్రమున ఒక్కడును లేడు.

మరికొన్ని వారములకు రాణిపేట దగ్గర టీ అంగడియొద్ద మరియొక టమాట బండి డ్రైవరు మా వెనుకనే వచ్చి నిలిపి, "ఏమన్నా, నీ బండి మూతి ఒకపక్క, తోక ఒకపక్క పోతా ఉండాది! ఎప్పుడన్నా ఎనక నుంచి చూసినావా?" అని యడిగెను. ఏ డ్రైవరు తన బండిని వెనుకనుండి, అది నడచుచుండగా, చూచును? యజమాని మొగము ఎర్రబడెను. అతని మనసులో నేరము అప్పటికే నిర్ణయమైపోయి యుండెను: కంపెనీ ఉత్తరము పంపినది, కంపెనీ తప్పు ఒప్పుకొన్నది, కావున నాయందలి ప్రతి వంకరయు కంపెనీదే. ఈ విధముగ ఒక దోషమును ఒప్పుకొనిన కాగితము తక్కిన దోషములకు ముసుగగుట నేను కనులార చూచితిని. వదులు నట్టు వారిది, నిజము. చుట్లు లెక్కపెట్టిన కొలత సర్వీసు కేంద్రమువారిది, అదియు నిజము. మిగిలిన దానిని గూర్చి మాత్రము ఎవ్వరును ఎవ్వరిని అడుగలేదు.

మదనపల్లెలో సీటీఎం రోడ్డున నున్న షెడ్డులో వృద్ధుడైన మేస్త్రి యొకడు కలడు. అతని యొద్ద తెర లేదు, అంకెలు పచ్చబడుట లేదు. ఒక టేపు, ఒక దారపు ఉండ, సుద్దముక్క. యజమాని ఉత్తరము చేతపట్టుకొని మొదటినుండి కథ చెప్పుచుండగా, అతడు వినుచునో వినకయో, ఎడమ ముందుచక్రపు నడిమినుండి ఎడమ వెనుకచక్రపు నడిమి వరకు టేపు పట్టి కొలిచెను. పిదప కుడిప్రక్కను కొలిచెను. టేపును రెండవమారు సవరించి మరల కొలిచెను. కుడిప్రక్క బొటనవ్రేలి మందము ఎక్కువ.

"స్టీరింగుది కాదబ్బా నీ రోగం. ఎనకాల చూడు."

క్రింద దూరి చూడగా, కుడి వెనుక కమాను కట్టలోని పట్టీలనన్నిటిని కలిపి ఇరుసుపై నిలిపి యుంచు సెంటరు బోల్టు తెగియుండెను. యూ బోల్టులు వదులై, మీది బరువునకు పట్టీలు జరిగి, ఇరుసు కుడికొస వెనుకకు పోయెను. వెనుక ఇరుసు కుడివైపునకు త్రోయును, దానివలన మూతి ఎడమకు తిరుగును, దానిని సరిపెట్టుటకై డ్రైవరు స్టీరింగును కుడికి పట్టును. ముందుచక్రములను ఎంత కొలిచినను ఈ సంగతి బయటపడదు. సర్వీసు కేంద్రమువారు డ్రాగ్ లింకును పొడిగించి స్టీరింగును నిటారు చేసినపుడు, రోగమునకు మారుగా రోగలక్షణమును మాత్రము నిటారు చేసిరి. నాటినుండి నేను నిటారైన స్టీరింగుతో వంకరగా నడచుచుంటిని.

"ఎంత ఏసినావు?" అని మేస్త్రి యడిగెను.

"మామూలే భాయ్."

మేస్త్రి తెగిన బోల్టును నూనెగుడ్డతో తుడిచి అతని చేతిలో పెట్టెను. తెగిన చోట సగము తుప్పుపట్టి నల్లగను, సగము క్రొత్తగా మెరయుచును ఉండెను: సగము చాల దినముల క్రిందటనే చీలియుండెననుటకు అదియే సాక్ష్యము. బహుశః ఉత్తరము రాకమునుపే.

యజమాని ఓటమి నంత సులభముగా నంగీకరించువాడు గాడు. అచ్చటినుండే సర్వీసు కేంద్రమునకు ఫోను చేసి, కమాను కట్ట ఖర్చును పిలుపులోనే కలుపవలెనని చాలసేపు వాదించెను. కలుపరనియు, చట్టము దోషమునకు గాని అరుగుదలకును అధిక భారమునకును పూచీపడదనియు వారు చెప్పిరి. ఆ ఉత్తరము తప్ప అన్నింటిలోను న్యాయము వారి పక్షముననే యున్నదని నేను చింతతో నొప్పుకొందును. ఐతే ముందుగా నాలుగు చక్రములను కొలిచియుండినచో ఈ వాదమే పుట్టకపోవును గదా, ఆ న్యాయము ఎవరి పక్షము?

మేస్త్రి నన్ను జాకీలపై నెత్తి, రెండు వెనుక కట్టలను విప్పి, క్రొత్త సెంటరు బోల్టులును యూ బోల్టులును వేసి, ఇరుప్రక్కల నిడివి సమమగువరకు ఇరుసును జరిపి, ఆపైన డ్రాగ్ లింకును తొల్లింటి నిడివికి తెచ్చి, ముందుచక్రములకు దారము కట్టి టో చూచెను. యంత్రము చెప్పినదానికిని దారము చెప్పినదానికిని భేదము స్వల్పమే. యంత్రమును నేను తప్పు పట్టను, చూపిన చోటనే అది చూచినది. సరుకుతో నడచు బండిని ఖాళీగా కొలువరాదని, ఇసుక మూటలు తొట్టిలో వేయించి మరియొకమారు చూచెను. కమాను కట్టలు అణగినపుడు డ్రాగ్ లింకు కోణము మారి స్టీరింగు తనంతట కదలుట అతనికి పుస్తకము లేకయే తెలియును.

అంతయు ముగిసి చక్రములు బిగించు తరుణమున, బయట బీడీ కాల్చుచున్న యజమాని లోనికి వచ్చి, విప్పి పెట్టిన కట్టల వైపు ఒకమారు చూచి, "భాయ్, ఎట్టాగూ ఇప్పినావు గదా, చెరొక పట్టీ ఎక్కువ ఏసెయ్. బరువుకు ఆగతాది" అనెను.

మేస్త్రి పానా క్రింద పెట్టెను. "ఏస్తా. ఎనకాల లేస్తే ముందర కాస్టరు తగ్గతాది, స్టీరింగు మొద్దుబారతాది. మళ్లా చీల పెట్టాల, మళ్లా ఎలైన్‌మెంటు చూడాల. దానికి కంపెనీ కాగితం రాదబ్బా, నువ్వే ఇయ్యాల."

బేరము మొదలయ్యెను. పట్టీల ధర, కూలి, చీలల ధర, ఎలైన్‌మెంటు వేరుగనా, కలిపియా అను మీమాంస చీకటి పడువరకు సాగినది. పట్టీలు పడెను. ఎలైన్‌మెంటు, సరుకు లేని దినము చూచి చేయించెదనని యజమాని చెప్పగా, వచ్చు వారమునకు వాయిదా పడెను.